ఎడారి ఏటికి ఏటేటా లెక్క

 

డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారిని, మన కె.ఎల్. రావు గారిని, స్మరించుకునే సభలో మాట్లాడటమంటే నీటి లెక్కల గురించి మాట్లాడటమే. 1902లో కంకిపాడులో పుట్టి, నాగార్జునసాగర్ రూపకల్పనలో ముఖ్యులై, విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్ళి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖను చూసిన మనిషి ఆయన. తన జ్ఞాపకాల పుస్తకానికి ‘ది క్యూసెక్స్ క్యాండిడేట్’ అని పేరు పెట్టుకున్నారు. నీటిని కొలిచే ప్రమాణంతో ఒక ప్రజాప్రతినిధిని గుర్తుపట్టిన కాలం అది. ఆయన తరం మనకిచ్చిన సంపదలో ఆనకట్టలు కంటికి కనిపించే భాగం. కనిపించని భాగం ఇంకొకటి ఉంది. నదిని ఊహతో కాక కొలతతో మాట్లాడాలన్న పట్టుదల అది. ఏ రోజు ఎంత వచ్చింది, ఎంత వదిలాం, ఎంత నిలిచింది అని రాసి పెట్టే అలవాటును ఆ తరం ఒక ధర్మంగా పాటించింది.

ఆ ధర్మానికి ఈ తరం చేర్చవలసినది ఒకటుందని నా నమ్మకం. మన నీటి పద్దుల్లో నది ఇచ్చినదానికి గడులున్నాయి, తీసుకున్నవారికి గడులున్నాయి. నదికంటూ ఒక గడి లేదు. ఏటి అడుగున ఎంత తడి మిగిలింది, ఒడ్డున చెట్టు వేళ్ళకు నీరందుతోందా, ఆ నీటిలో చేప బతుకుతోందా అన్నవాటిని రాసుకునే చోటు లేదు. వానలు పుష్కలంగా ఉన్నచోట ఈ లోటు చాలాకాలం బయటపడదు. ఎడారిలో వెంటనే బయటపడుతుంది. అందుకే ఈ సాయంత్రం మిమ్మల్ని ఒక ఎడారి నది దగ్గరకు తీసుకువెళతాను. ఎడారి నదిని బాగుచేయడం ఒక నిర్మాణం కాదు, ప్రారంభోత్సవంతో ఆ పని ముగియదు. అది ఏటేటా రాయవలసిన లెక్క, నలుగురి ముందూ చదవవలసిన లెక్క. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఆ నది పేరు శాంటా క్రూజ్. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం దక్షిణపు కొసన, శాన్ రఫాయెల్ లోయలో పుడుతుంది. పుట్టిన కాసేపటికే దక్షిణానికి పారి మెక్సికోలో అడుగుపెడుతుంది. అక్కడ సొనోరా రాష్ట్రంలో యాభై కిలోమీటర్లకు పైగా వంపు తిరిగి, నొగాలెస్ పట్టణానికి తూర్పున మళ్ళీ సరిహద్దు దాటి ఉత్తరానికి వస్తుంది. తుమకాకొరి, ట్యూబాక్, టూసాన్, మరానా మీదుగా హీలా నది వైపు సాగుతుంది. మొత్తం పొడవు దాదాపు 300 కిలోమీటర్లు. ఫీనిక్స్‌లోనూ టూసాన్‌లోనూ మన తెలుగు కుటుంబాలు, విద్యార్థులు చాలామంది ఉన్నారు. వంతెన మీదుగా రోజూ వెళ్తూ కింద కనిపించే ఇసుకను నది అనుకోనివారు వారిలోనూ ఉంటారు. టూసాన్‌లో ఏడాదికి పడే వాన ముప్పై సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అనంతపురం జిల్లాలో దాదాపు యాభై అయిదు. మన కరవుసీమ వానలో ఇంచుమించు సగంతో బతికే నేల అది.

ఎడారి నది తీరు వేరు. వానలు మెండుగా ఉన్న సీమలో చుట్టుపక్కల నేలలోని ఊట నదికి చేరుతుంది. ఎడారిలో చాలాచోట్ల నదే తన నీటిని నేలకు ఇచ్చి ఇంకిపోతుంది. అసలు ప్రవాహం ఇసుక కింద నడుస్తుంది. ఎక్కడో అడుగున రాయి అడ్డుపడ్డచోట ఆ నీరు పైకి ఉబికి వస్తుంది. శాంటా క్రూజ్ మీద సెంటినెల్ కొండ పాదం అటువంటి చోటు. దానికి ఎగువన శాన్ హవియేర్ దగ్గర మార్టినెజ్ కొండ మరొకటి. చెలమలు తవ్వి నీళ్ళు తోడుకున్న మన పల్లెలకు ఇది కొత్త విషయం కాదు. పైన పారే నీరు కనిపించకపోయినా ఏరు బతికే ఉంటుందని పెన్న ఒడ్డువారికి, చిత్రావతి ఒడ్డువారికి తరాలుగా తెలుసు.

అలా నీరు ఉబికిన చోటనే మనుషులు స్థిరపడ్డారు. టూసాన్ లోయలో వ్యవసాయం నాలుగు వేల ఏళ్ళకు పైబడినదని పురావస్తు తవ్వకాలు చెబుతున్నాయి. మూడు వేల ఏళ్ళ కిందటే అక్కడ కాలువలు తవ్వుకున్నారు. సెంటినెల్ కొండ కింద ఓధం అనే ఆదివాసీ ప్రజల ఊరు ఉండేది. టూసాన్ నగరానికి ఆ పేరు ఆ ఊరినుంచే వచ్చింది. 1690లలో జెసూయిట్ మతబోధకుడు యుసేబియో కీనో వచ్చినప్పుడు అక్కడ పంటపొలాలు, కాలువలు ఉన్నాయి. 1775లో స్పెయిన్ వారు అక్కడ సైనిక స్థావరం పెట్టారు. 1880లో రైలు వచ్చింది. నాలుగు వేల ఏళ్ళు పొలాలు తడిపిన ఆ ఏరు, రైలు వచ్చాక ఒక్క తరంలో రూపం మారిపోయింది.

ఆ మార్పులో ఒక ఘట్టం మన ఇంజనీర్లు ప్రత్యేకంగా గమనించదగినది. 1880ల చివర శామ్ హ్యూస్ అనే వ్యాపారి తన పొలాలకు నీటికోసం నది అడుగున ఒక కాలువ తవ్వించాడు. ఇసుక కింది నీటిని అడ్డగించి, వాలు మీదుగా పైకి తేవడం దాని ఉద్దేశం. రాయలసీమలో మనం ఊటకాలువ అనే దానికి ఇది సోదరే. పెన్న, పాపాఘ్ని, స్వర్ణముఖి ఒడ్డున మన పూర్వులు ఊటకాలువలను ఎంతో కాలం కాపాడుకున్నారు. వరద తర్వాత పూడిక తీయడం, తల దగ్గర ఇసుక కోసుకుపోకుండా చూడటం ఊరి ఉమ్మడి పని. హ్యూస్ కాలువకు అటువంటి కాపుదల లేదు. 1890 ఆగస్టు వరదలో దాని తల కోసుకుపోయింది. ఆ కోత ఎగువకు పాకింది. తర్వాతి వరదల్లో మైళ్ళ పొడవున పాకి, ఒకప్పుడు పొలాలతో సమానంగా పారిన ఏటిని నిట్టనిలువు గట్ల మధ్య లోతైన వాగుగా మార్చేసింది. కొన్నిచోట్ల ఆ లోతు ఆరు మీటర్లు దాటింది. ఏటి అడుగు దిగిపోతే నీటి మట్టమూ దిగిపోతుంది. పాత కాలువల తలలు గాలిలో నిలిచిపోయాయి.

ఒక్క మనిషి తవ్విన కాలువ నదిని చంపిందని తేల్చడం తేలిక. అది న్యాయం కాదు. రైలు వెంట వేలాది పశువులు వచ్చాయి, కొండవాలుల్లో గడ్డి నేలమట్టమైంది. 1891 నుంచి 1893 దాకా వచ్చిన కరవులో దక్షిణ అరిజోనా మందల్లో సగానికి పైగా చచ్చిపోయాయని అంచనా. గడ్డి లేని వాలుమీద పడిన వాన ఇంకకుండా ఉరికింది. హ్యూస్ కాలువ ఆ ఉరవడికి దారి చూపింది, అంతే. ఈ కార్యకారణాల పొత్తును ఆనాడు ఎవరూ ఒకచోట రాసుకోలేదు. పశువుల లెక్క ఒక కచేరీలో, రైలు సరుకు లెక్క మరో కచేరీలో, నీటి తగాదాలు కోర్టులో ఉండేవి. నది లెక్క ఎక్కడా లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో మిగతా పని మోటార్లు పూర్తిచేశాయి. 1940లు వచ్చేసరికి టూసాన్ దగ్గర ఏడాది పొడవునా పారే ఏరు లేదు. నగరం, గనులు, పత్తి పొలాలు నేల అడుగు నీటిని తోడాయి. నగర గర్భంలో కొన్నిచోట్ల నీటిమట్టం అరవై మీటర్లకు పైగా పడిపోయింది. శాన్ హవియేర్ దగ్గర ఒక మహారణ్యంలా పెరిగిన మెస్కీట్ వనం నీరందక నశించింది. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మ జాతి చెట్టే. మన చెరువుగర్భాల్లో పాతుకుపోయి రైతును వేధించే ఆ తుమ్మకు దగ్గర చుట్టమైన చెట్టు, తన సొంత సీమలో ఓధం ప్రజలకు అన్నం. వారు దాని కాయలను దంచి పిండి చేసుకుంటారు. అంత లోతుకు వేళ్ళు దింపే చెట్టు కూడా నీరందక చచ్చిపోయిందంటే ఆ నేలను మనిషి ఎంత తోడాడో ఊహించుకోవచ్చు.

ఎండిన నదికి వరద రాదని కాదు. 1983 అక్టోబరులో ఆ ఇసుక దారిలో 52,700 క్యూసెక్కుల వరద వచ్చింది. వంతెనలు, ఇళ్ళు కొట్టుకుపోయాయి. తర్వాత నగరం గట్లను మట్టి, సిమెంటు కలిపిన దిమ్మెతో బిగించింది. ప్రాణరక్షణకు అది అవసరమే కావచ్చు. కాని దానితో నది పక్కకు జరిగే స్వేచ్ఛ పోయింది, ఒడ్డున మొలక పుట్టే చోటు పోయింది.

అటువంటి నదికి మళ్ళీ ప్రాణం ఎలా వచ్చింది? మురుగునీటితో. ఈ మాట చెప్పడానికి నేను వెనకాడను, ఎందుకంటే మన దగ్గర మూసీ కథ కూడా ఇదే.

సరిహద్దుకు రెండువైపులా నొగాలెస్ పేరుతోనే రెండు పట్టణాలున్నాయి. రెండింటి మురుగూ ఒకే శుద్ధి కేంద్రానికి వస్తుంది, అందులో ఎక్కువ భాగం మెక్సికో వైపుది. 1972 నుంచి ఆ కేంద్రం రియో రికో దగ్గర శుద్ధిచేసిన నీటిని శాంటా క్రూజ్‌లోకి వదులుతోంది. ఎండిన ఇసుక మళ్ళీ తడిసింది. తుమకాకొరి, ట్యూబాక్ చుట్టూ కాటన్‌వుడ్, విల్లో చెట్లు అడవిలా లేచాయి. చూసినవారు నది కోలుకుందనుకున్నారు. 2005లో ఆ చెట్లు వరసగా ఎండిపోవడం మొదలుపెట్టాయి. విచిత్రం ఏమిటంటే, వాటి పక్కన నీరు పారుతూనే ఉంది.

ఈ చోట కాసేపు ఆగాలి. నదుల ఆరోగ్యాన్ని కొలిచే పనికి ఇంతకంటే మంచి పాఠం నాకు మరొకటి తెలియదు. ఆనాటి శుద్ధి కేంద్రం నీటిలో అమ్మోనియా, ఇతర నత్రజని పదార్థాలు ఎక్కువగా ఉండేవి. ఆ పోషకాలతో ఏటి అడుగున సూక్ష్మజీవులు, నాచు కలిసి పాలమీద మీగడలా ఒక పొర కట్టాయి. ఆ పొర ఇసుక రంధ్రాలను మూసేసింది. నీరు పైన పారింది గాని కిందికి దిగలేదు. కింద నీటిమట్టం పడిపోతూ వచ్చింది. కాటన్‌వుడ్ లేత చెట్టుకు మూడు మీటర్ల లోపు తడి తగలాలి. పక్కన పారే నీటితో దానికి పనిలేదు, వేరుకు అందే నీరే దానికి నీరు. పెద్ద వరద వస్తే ఆ పొర చీలి కొట్టుకుపోతుంది. వరదలు లేని ఏళ్ళలో అది గట్టిపడుతుంది. అంటే ప్రవాహాన్ని ఒక్కదాన్నే కొలిచినవాడు నది క్షేమమని రాసేవాడు. బావుల మట్టాన్ని, చెట్ల కొమ్మలను, ఏటి అడుగును కలిపి చూసినవాడికే నిజం కనబడింది.

చూసినవారు ఉన్నారు. శాంటా క్రూజ్ నదీమిత్రులు అనే స్వచ్ఛంద సంఘం 1992 నుంచీ క్రమంగా నీటి నమూనాలు తీస్తోంది. విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ఒడ్డున పొలాలున్నవారు అందులో పనిచేశారు. 2008 నుంచి సొనోరన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఎగువ శాంటా క్రూజ్ మీద సజీవ నది నివేదికలు తేవడం మొదలుపెట్టింది. వాటిలో అమ్మోనియా ఉంది, కరిగిన ప్రాణవాయువు ఉంది, మలసంబంధమైన సూక్ష్మజీవుల లెక్క ఉంది, ఏటి అడుగున బతికే పురుగుల జాబితా ఉంది, చేపల జాబితా ఉంది. సామాన్యుడికి అర్థమయ్యే భాషలో, ఏటికేడు పోల్చుకునే వీలుతో వాటిని అచ్చువేశారు. పురుగుల్ని లెక్కపెట్టడం చిన్నపనిగా అనిపించవచ్చు. నీటి నమూనా ఆ నిమిషపు సంగతి మాత్రమే చెబుతుంది. రాతి కింద నెలల తరబడి బతికిన పురుగు ఆ నెలలన్నిటికీ సాక్షి. మురుగును ఓర్చుకునే ఎర్ర పురుగులు తప్ప మరేవీ లేకపోతే ఒక అర్థం, శుభ్రమైన నీరు కోరే జాతులు చేరితే మరో అర్థం.

2009లో నొగాలెస్ శుద్ధి కేంద్రాన్ని ఆధునికీకరించారు. అమ్మోనియా గణనీయంగా తగ్గింది. కొన్నేళ్ళకే చేపలు తిరిగి వచ్చాయి. 2015లో హీలా టాప్‌మినో కనబడింది. అది మన బొటనవేలంత కూడా ఉండని చేప. 1967లోనే అంతరించే ప్రమాదమున్న జాతిగా అమెరికా గుర్తించింది. దాని రాకను చెప్పగలిగారంటే, అది లేని ఏళ్ళను కూడా ఓపికగా రాసి ఉంచారు కాబట్టే.

టూసాన్‌లోనూ అదే దారి. పీమా కౌంటీ 60 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసి తన రెండు మురుగుశుద్ధి కేంద్రాలను 2013 చివరికల్లా కొత్తగా తీర్చిదిద్దింది. దుర్వాసన పోయింది, నీరు తేటపడింది, చేపలు పెరిగాయి. 2017లో టూసాన్ దగ్గర టాప్‌మినో దొరికింది. ఆ చోట డెబ్బై ఏళ్ళుగా దాని జాడ లేదు. అయితే ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. నీరు శుభ్రపడగానే అడుగున పొర తగ్గింది, ఇసుక తెరుచుకుంది, నీరు ఎక్కువగా ఇంకింది, పైన కనిపించే ప్రవాహం పొడవు తగ్గింది. నది శుభ్రపడిన కొద్దీ కురచైంది. నగరవాసి కంటికి ఇది నష్టం. భూగర్భ జలానికి లాభం. దిగువన పెరిగిన చెట్టుకు మళ్ళీ నష్టం. ఇందులో ఏది ఆరోగ్యం? ఈ ప్రశ్నకు ప్రయోగశాల ఒక్కటే జవాబివ్వలేదు. ఏం కావాలో ప్రజలు కూర్చుని తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ముందు లెక్క వారి చేతిలో ఉండాలి.

2019 జూన్ 24న టూసాన్ నగరం మరో అడుగు వేసింది. శుద్ధిచేసిన నీటిలో రోజుకు 28 లక్షల గ్యాలన్ల దాకా, నగరం నడిబొడ్డుకు దక్షిణాన, దశాబ్దాలుగా ఎండిన ఏటిలోకి వదలడం మొదలుపెట్టింది. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. అది శాన్ హువాన్ పండుగ రోజు, సొనోరా సీమలో వానకాలానికి సంప్రదాయంగా స్వాగతం పలికే రోజు. మృగశిర కార్తె కోసం ఆకాశం వైపు చూసే మనకు ఆ పండుగ మనసు అర్థమవుతుంది. నీరు వదిలిన రోజే తూనీగలు వచ్చి వాలాయి. అరిజోనా విశ్వవిద్యాలయ జీవశాస్త్రజ్ఞులు ఆ మొదటి రోజు నుంచీ వాటిని జాతివారీగా నమోదు చేస్తూ వచ్చారు. 2020లో టాప్‌మినోలను కూడా తెచ్చి ఆ నీటిలో వదిలారు.

ఇప్పుడు కె.ఎల్. రావు గారి ప్రమాణంతో ఈ నీటిని కొలిచి చూద్దాం. రోజుకు 28 లక్షల గ్యాలన్లంటే నాలుగున్నర క్యూసెక్కులు కూడా కాదు. ఏడాదంతా కలిపితే 0.14 టీఎంసీ. మన కాలువల మీద గేట్ల సందుల్లోంచి కారిపోయే నీటిలో ఇది ఏ మూలకు? 52,700 క్యూసెక్కుల వరదను చూసిన అదే ఏటిలో ఒక నగరం నాలుగు క్యూసెక్కుల కోసం సంబరపడింది. ఎడారి నదికి ఎంత నీరు కావాలోనన్న భయంతో మనం ఆ ప్రశ్నే అడగడం మానేశాం. చోటు చూసి, క్రమం తప్పకుండా ఇస్తే కొంచెం నీరు చాలునని ఈ లెక్క చూపిస్తోంది.

అయితే ఆ కొంచెం నీరు ఎవరిది? అమెరికాలోనూ ఈ ప్రశ్న దగ్గరే కథ బిగుసుకుంటుంది. శుద్ధిచేసిన మురుగునీరు భూగర్భజలమూ కాదు, ఉపరితల జలమూ కాదు, వదిలేదాకా అది శుద్ధిచేసినవారి చేతిలోదే అని 1989లో అరిజోనా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నగరం రేపు ఆ నీటిని అమ్ముకోవచ్చు, గొట్టాల్లో మళ్ళించుకోవచ్చు. ఏటిలో వదిలి తీరాలన్న నిర్బంధం లేదు. ఎగువన మెక్సికో తన మురుగును తానే శుద్ధిచేసుకోవడానికి లాస్ అలిసోస్ కేంద్రాన్ని 2012లో మొదలుపెట్టింది. అది వారి హక్కు, వారి పట్టణానికి అవసరం. దానితో సరిహద్దు దాటి వచ్చే నీరు తగ్గింది. 2017 జులైలో రెండు నొగాలెస్‌ల మురుగును మోసే పాత గొట్టం వరదకు దెబ్బతిని, శుద్ధికాని మురుగు ఏటిదారి పట్టింది. రాష్ట్ర గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. ఒక నది బతుకు ఒక గొట్టం మీద, ఒక పొరుగుదేశపు నిర్ణయం మీద, ఒక నగరపు దయ మీద నిలిచి ఉంది. 2024లో అమెరికన్ రివర్స్ సంస్థ ప్రమాదంలో ఉన్న నదుల జాబితాలో శాంటా క్రూజ్‌ను నాలుగో స్థానంలో పెట్టింది. చేపలు తిరిగి వచ్చిన నదికే ఈ గతి. కోలుకోవడం వేరు, కోలుకున్న స్థితికి హామీ ఉండటం వేరు.

చట్టం ఏమీ చేయలేదని అనను. 1980లో అరిజోనా భూగర్భజల చట్టం తెచ్చింది. తోడినంత ఇంకాలని, టూసాన్ ప్రాంతం 2025 నాటికి ఆ సమతూకానికి చేరాలని లక్ష్యం పెట్టింది. 1994లో ఎగువ శాంటా క్రూజ్‌కు వేరే యాజమాన్య ప్రాంతాన్ని ఏర్పరచి, మొత్తం సమతూకంతో పాటు స్థానిక నీటిమట్టాలు దీర్ఘకాలం పడిపోకుండా చూడటాన్ని కూడా లక్ష్యంగా రాశారు. ఈ రెండో మాట చాలా విలువైనది. జిల్లా మొత్తం సగటు బాగుండి, ఏటి ఒడ్డున మట్టం పడిపోతే చెట్టుకు ఆ సగటుతో పనిలేదు.

ఓధం ప్రజల పోరాటం కూడా ఈ చరిత్రలో ముఖ్యమైనది. తమ ఏటిని ఎండగట్టిన పంపింగు మీద వారి తరఫున 1975లో దావా పడింది. 1982లో అమెరికా కాంగ్రెస్ చట్టంతో రాజీ కుదిరింది. దాన్ని 2004లో సవరించి అమలుకు దారి చేశారు. ఆ ఒప్పందంలో భాగంగా టూసాన్ మురుగుశుద్ధి నీటిలో ఏడాదికి 28,200 ఎకరపు అడుగులు, అంటే దాదాపు 1.23 టీఎంసీ, కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడింది. వారి శాన్ హవియేర్ పొలాల్లో మళ్ళీ పంటలు పండుతున్నాయి. న్యాయం ఆలస్యంగానైనా అందింది. కాని వారికి దక్కింది కాలువలో వచ్చే నీరు. కొండ పాదాన ఉబికే తమ ఊట వారికి దక్కలేదు.

ఆ కాలువ నీరు కొలరాడో నదిది. సెంట్రల్ అరిజోనా కాలువ 540 కిలోమీటర్ల దూరం, దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు ఎక్కించి ఆ నీటిని టూసాన్‌కు తెస్తుంది. టూసాన్ ఆ నీటిని ఆవ్రా లోయలో ఇంకించి తోడుకుంటూ తన పాత బావులకు విశ్రాంతినిచ్చింది. నగర గర్భంలో మట్టాలు పెరగసాగాయి. శాంటా క్రూజ్‌కు ఊపిరి సలపడానికి ఇదీ కారణమే. ఆ ఊపిరి మరో నది నుంచి తీసినది. 1922 ఒప్పందం కొలరాడో నీటిలో రెండు పరీవాహక భాగాలకు 150 లక్షల ఎకరపు అడుగులు, అంటే సుమారు 650 టీఎంసీలు పంచింది. ఆ పంపకానికి ఆధారమైన కొలతలు వానలు దండిగా పడిన ఏళ్ళవి. లేని నీటిని కాగితంమీద పంచుకున్నారు. మెక్సికోలోని డెల్టా ఎండిపోయింది, నది సముద్రం చేరడం మానేసింది. 2021 ఆగస్టులో తొలిసారి కొరత ప్రకటించారు. మరుసటి ఏడాది అరిజోనా వాటాలో సుమారు 22 టీఎంసీల కోత పడింది.

2014లో రెండు దేశాలు ఒప్పుకుని, మార్చి 23 నుంచి ఎనిమిది వారాల పాటు సుమారు 4.6 టీఎంసీల నీటిని ఆ డెల్టాలోకి వదిలాయి. మే నెలలో నది సముద్రాన్ని తాకింది. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసింది. శాస్త్రజ్ఞులు మాత్రం ఆ తర్వాతి నెలల్లో బావులు, మొలకలు, పక్షులు లెక్కపెట్టారు. చాలా నీరు పై భాగంలోనే లోతైన ఇసుకలోకి ఇంకిపోయిందని తేల్చారు. ఆ రెండు దేశాల 2017 ఒప్పందం తర్వాత నీటిని ఒక్కసారిగా ఉరికించకుండా, కాలువల ద్వారా మొక్కలున్న చోట్లకే నేరుగా చేర్చే పద్ధతికి మళ్ళారు. లెక్క నిజాయితీగా ఉంటే అది వేడుకను కూడా సవరిస్తుంది.

ఇక మన నేలకు వస్తాను. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణ నీరు కొండలెక్కి అనంతపురానికి వస్తోంది. కరవులో పుట్టి పెరిగినవారికి ఆ నీరు ఎంతటి ఆనందమో నేను వేరే చెప్పనక్కరలేదు. కె.ఎల్. రావు గారు నదులను కలపాలని కలగన్నారు, ఆ కల వెనక ఎండిన పొలాల పట్ల కరుణ ఉంది. ఆ నీరు రైతుకు, ఊరికి చేరాలి. దానితో పాటు ఒక ప్రశ్న కూడా కాలువ వెంట రావాలి. కృష్ణ నీరు వచ్చాక పెన్న ఒడ్డున బావుల మట్టం ఏమైంది? ఇసుక తోడేసిన చోట, ఇసుక మిగిలిన చోట ఆ మట్టంలో తేడా ఎంత? ఇసుకే లేకపోతే చెలమ లేదు, ఊటకాలువ లేదు, నదికి దాచుకునే కడుపే లేదు. 2002 నాటి మన నీరు, భూమి, చెట్ల చట్టం ఈ మూడింటినీ ఒకే పేరులో కట్టింది. అలా కట్టినవారి దృష్టి సరైనదే. ఆ మూడింటికీ ఒకే పద్దు మాత్రం ఇంకా తెరవలేదు.

మూసీ ఎడారి నది కాదు. కాని శాంటా క్రూజ్ పాఠం సూటిగా తగిలేది దానికే. 1908 వరద తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. ఈరోజు వేసవిలో హైదరాబాదుకు దిగువన పారేది ఎక్కువగా నగరం వాడి వదిలిన నీరే. ఆ నీటితో వరి పండుతోంది, పశువుల గడ్డి పెరుగుతోంది, వేల కుటుంబాలు బతుకుతున్నాయి. శుద్ధి కేంద్రాలు పెరుగుతున్నాయి, అది మంచి మాట. శుద్ధయిన నీరు విలువైన సరుకవుతుంది. అప్పుడు దానికి కొనుగోలుదారులు వస్తారు. పరిశ్రమ అడుగుతుంది, కొత్త కాలనీ అడుగుతుంది. శుద్ధిచేసిన నీటిలో నదికి, దిగువ రైతుకు ఎంత వాటా అన్నది ఆ కొనుగోలుదారులు రాకముందే రాసిపెట్టుకోవాలి. టూసాన్ ఆలస్యంగా అడుగుతున్న ప్రశ్నను అడిగే వ్యవధి మనకింకా ఉంది.

ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. శాంటా క్రూజ్‌కు తూర్పున శాన్ పెడ్రో అనే నది ఉంది. అక్కడ 1999 నుంచి ఏటా జూన్‌లో, వానలకు ముందు అన్నిటికంటే పొడిగా ఉండే రోజుల్లో, స్వచ్ఛంద సేవకులు ఏటి వెంట నడుస్తారు. ఎక్కడ తడి ఉందో, ఎక్కడ ఆగిందో గుర్తిస్తారు. దానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పెన్న మీద హిందూపురం నుంచి గండికోట దాకా ఆ పని చేయవచ్చు. రోహిణి కార్తెలో, ఒకే రోజు, ఒక్కో మండలంలో ఒక్కో కళాశాల విద్యార్థులు తమ భాగాన్ని నడవాలి. తడి ఉన్నచోటు, చెలమ లోతు, ఇసుక మందం, ఒడ్డున బతికి ఉన్న చెట్టు, నీరుంటే అందులోని చేప, పురుగు రాయాలి. భూగర్భ జల శాఖ ఒడ్డు బావుల మట్టాలను అదే పుటలో చేర్చాలి. ఆ పుటను తెలుగులో అచ్చువేసి పంచాయతీ కార్యాలయం గోడమీద అంటించాలి. మొదటి ఏడాది పుటలో చాలా గడులు ఖాళీగా ఉంటాయి. వాటిని ఖాళీగానే అచ్చువేయాలి, నింపడం రెండో ఏడాది పని. ఈ సభలో కూర్చున్న అధ్యాపకుల్లో నలుగురైదుగురు ఒప్పుకుంటే వచ్చే రోహిణికే మొదలుపెట్టవచ్చు. సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను, ఏ భాగాన్ని ఎవరు తీసుకుంటారో రాసుకుందాం.